స్టీరింగ్ వదిలే ముందు

ముందున్న బండిని చూసి వేగం తగ్గించుకునే, గీత దాటబోతే స్టీరింగును సరిచేసే కార్లు ఇప్పుడు మధ్యతరగతికీ అందుతున్నాయి. అడాస్ అనే ఈ ఏర్పాటు మంచిదే. అయితే అది డ్రైవరుకు తోడు మాత్రమేనని కొనేవారికి గట్టిగా చెబుతున్నదెవరు?

వాహన ఆటోమేషన్‌కు, అంటే బండి తనంతట తాను నడవడానికి, 0 నుంచి 5 దాకా స్థాయిలున్నాయి. మన షోరూముల్లో దొరికేవి రెండో స్థాయి దాటవు. కళ్లు రోడ్డు మీదే ఉండాలి, బాధ్యత డ్రైవరుదే. మూడో స్థాయిలో కారే నడుపుతుంది, తన వల్ల కానప్పుడు మనిషిని పిలుస్తుంది. చిక్కంతా అక్కడే. మామూలుగా అలా పిలిచాక కనీసం 10 సెకన్లు గడువివ్వాలన్నది ఐక్యరాజ్యసమితి నిబంధన. వంద కిలోమీటర్ల వేగంలో ఆ కాస్త సేపట్లోనే బండి సుమారు 280 మీటర్లు పోతుంది. 2018లో అమెరికాలోని టెంపీలో తనంతట తాను నడిచే ప్రయోగాత్మక కారు ఒక మహిళను ఢీకొట్టి చంపింది. పర్యవేక్షించాల్సిన వ్యక్తి దృష్టి సెల్‌ఫోన్ మీద ఉందని దర్యాప్తులో తేలింది. పని యంత్రానికి అప్పగించి కాపలా మాత్రం కాయమంటే మనిషి మనసు నిలవదు.

ఇక మన పదహారో నంబరు హైవే సంగతి. సూళ్లూరుపేట నుంచి ఒంగోలు దాటేదాకా రాత్రిపూట వెళ్లి చూడండి. లారీ చెడిపోతే డ్రైవరు వెనకాల నాలుగు రాళ్లు పేర్చి, ఓ చెట్టుకొమ్మ పెడతాడు. అదే హెచ్చరిక. బాగయ్యాక లారీ వెళ్లిపోతుంది, రాళ్లు అక్కడే ఉంటాయి! గ్రానైటు దిమ్మెలు మోసే ట్రైలర్ల వెనక లైట్లు దుమ్ముకొట్టుకుపోయి ఉంటాయి. ముందున్న బండిని రాడార్‌తో చూసి వేగాన్ని సర్దుకునే క్రూయిజ్ కంట్రోళ్లలో చాలావాటికి వేగంగా పోతున్నప్పుడు ఆగి ఉన్న బండిని సరిగా గుర్తించలేకపోవడమే బలహీనత. కార్ల మాన్యువళ్లలోనే ఆ మాట ఉంటుంది, చదివేవారే తక్కువ. పైగా రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బైకులు, రోడ్డుకెక్కే గేదెలు, మార్జిన్‌లో ఆరబోసిన ధాన్యం.

డ్రైవర్ల ఉపాధి పోతుందంటూ డ్రైవర్‌లెస్ కార్లను రానివ్వనని కేంద్రమంత్రి గడ్కరీ 2023లో అన్నారు. ఆ ఆందోళన కొట్టేయదగ్గది కాదు. కానీ సగం పని తామే చేసే కార్లు ఎప్పుడో వచ్చేశాయి. వాటి గురించి చెప్పాల్సింది చెప్పాలి.

తాళాలు చేతికిచ్చే రోజునే, ఈ వ్యవస్థ ఎక్కడ పనిచేయదో చూపించడం డీలర్లకు తప్పనిసరి చేయాలి. హైవే అధికారులు చెరిగిన గీతలు మళ్లీ వేయించాలి, ఆగిన లారీని గంటలో పక్కకు లాగించే ఏర్పాటు చేయాలి. రిఫ్లెక్టర్లు లేని ట్రైలర్లను రవాణా శాఖ చీమకుర్తి క్వారీల దగ్గరే ఆపాలి.