కలను చదివే ముందు కలగన్న ఒంటిని చూడాలి

నిద్రలో కేకలు వేసి లేచిన మనిషిని మన ఇళ్లలో మొదట అడిగేది "ఏం కల వచ్చింది?" అనే. పాము కనిపించిందా, పళ్లు ఊడిపోయినట్టు వచ్చిందా, పోయినవాళ్లెవరైనా పిలిచారా అన్నదాన్ని బట్టి తర్వాతి ఆలోచన సాగుతుంది. కొందరు పంచాంగంలో స్వప్నఫలాల పేజీ తిరగేస్తారు, కొందరు గుడిలో అర్చన చేయిస్తారు, కాస్త చదువుకున్నవాళ్లయితే మనసులో అణచిపెట్టుకున్న కోరికల గురించి మాట్లాడతారు. ఆ సమయంలో ఆ మనిషి కాళ్లూ చేతులూ ఏం చేశాయి, మెలకువ వచ్చాక వెంటనే కదలగలిగాడా లేదా, ఇదంతా రాత్రి ఏ వేళప్పుడు జరిగింది అని మాత్రం ఎవరూ అడగరు. గడచిన డెబ్బై ఏళ్లలో నిద్ర గురించి శాస్త్రం నేర్చుకున్నదాన్ని దగ్గర పెట్టుకుని చూస్తే, వైద్యానికి అక్కరకొచ్చే సమాచారం చాలావరకు ఎవరూ అడగని ఈ ప్రశ్నల్లోనే ఉందని నా అభిప్రాయం.

ఈ ఆలోచన పూర్తిగా పరాయిదని అనుకోనక్కర్లేదు. చరక సంహిత ఇంద్రియస్థానంలో కలలు ఏడు రకాలని ఉంది. చూసినవాటి నుంచి, విన్నవాటి నుంచి, అనుభవించినవాటి నుంచి, కోరుకున్నవాటి నుంచి, ఊహించుకున్నవాటి నుంచి పుట్టేవి ఐదు. జరగబోయేదాన్ని సూచించేవి ఆరో రకం. శరీరంలోని దోషాల వల్ల కలిగేవి ఏడో రకం. మొదటి ఐదింటికీ ఫలం లేదని వైద్యుడు తెలుసుకోవాలని ఆ గ్రంథం స్పష్టంగా చెప్పింది. కొన్ని కలలను మరణ సూచనలుగా లెక్కగట్టింది కూడా అదే గ్రంథం, ఆ భాగాన్ని ఈనాటి వైద్యం ఒప్పుకోదు. అయినా ఒక కల రోగం నుంచి పుట్టవచ్చునని, దాన్ని మిగతా కలల నుంచి వేరుచేసి చూడాలని అంత పూర్వమే గుర్తించడం చిన్న విషయం కాదు. శతాబ్దాలు గడిచేసరికి జనంలో నిలిచింది ఆరో రకం ఒక్కటే, వైద్యుడికి సంబంధించిన ఏడో రకాన్ని దాదాపు అందరూ మరచిపోయారు.

ఫ్రాయిడ్ 1899 చివర్లో ప్రచురించిన గ్రంథంతో కలకు అర్థం చెప్పే పని జ్యోతిషం నుంచి మనస్తత్వశాస్త్రానికి మారింది. కల అంటే మారువేషం వేసుకున్న కోరిక అన్నది ఆయన సిద్ధాంతం. రోగి చెప్పేదాన్ని ఓపికగా వినడం వైద్యులకు నేర్పినందుకు ఆయనకు రుణపడి ఉండాలి. అయితే ఆ పద్ధతిలో ఏ కలకు ఏ అర్థం చెప్పినా తప్పని నిరూపించే దారి లేదు. శరీరం నుంచి వచ్చే ప్రేరణలు ఆయన దృష్టిలో కల అల్లికకు ముడిసరుకు మాత్రమే.

1953లో చికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియల్ క్లైట్‌మన్ నిద్రపోతున్నవారి కనురెప్పల కింద కళ్లు కొంతసేపు అటూ ఇటూ వేగంగా కదులుతాయని, ఆ దశలో లేపితే ఎక్కువమంది కల చెబుతారని కనుగొన్నారు. దాన్నే రెమ్ నిద్ర అంటున్నాం. కలలు ఇతర దశల్లోనూ వస్తాయని తర్వాత తేలినా, కథలా సాగే కలలకు ఈ దశే ప్రధానం. కొన్నేళ్లకే ఫ్రాన్సులోని లియాన్‌లో మిషెల్ జువే పిల్లుల మీద చేసిన పరిశోధనలో ఇంతకన్నా ఆశ్చర్యకరమైన సంగతి బయటపడింది. రెమ్ నిద్రలో మెదడు మెలకువలో ఉన్నంత చురుగ్గా ఉంటుంది, కండరాలు మాత్రం పూర్తిగా సడలిపోతాయి. ఊపిరి తీయించే ఉదరవితానం, కళ్లను తిప్పే కండరాలు తప్ప మిగతా ఒంటికి మెదడు కాండం నుంచి, అంటే మెదడును వెన్నుపాముతో కలిపే భాగం నుంచి, తాళం పడుతుంది. అక్కడ ఒక చిన్న భాగాన్ని దెబ్బతీస్తే ఆ పిల్లులు నిద్రలోనే లేచి, లేని ఎలుక మీదికి దూకినట్టు దూకేవి.

తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందన్న మన నమ్మకం వెనక ఒక నిజమైన పరిశీలన ఉందనుకుంటాను. నిద్ర సుమారు 90 నిమిషాల చక్రాలుగా సాగుతుంది. మొదటి చక్రంలో రెమ్ దశ కొన్ని నిమిషాలే ఉంటుంది, రాత్రి గడిచేకొద్దీ పెరిగి వేకువకు అరగంటా అంతకు మించీ సాగుతుంది. అందుకే వేకువ కల పొడవుగా, స్పష్టంగా ఉంటుంది. ఆ దశ నుంచే నేరుగా లేస్తాం కనుక గుర్తూ ఉంటుంది. మన పెద్దలు ఆ తేడాను సరిగానే పట్టుకున్నారు, దానికి చెప్పిన కారణమే వేరు.

ఒంటికి పడిన ఆ తాళం రెండు విధాలుగా తప్పుతుంది. మెలకువ వచ్చినా తాళం ఊడకపోవడం మొదటిది. కళ్లు తెరిచి ఉంటాయి, గది కనిపిస్తుంది, వేలు కూడా కదలదు, అరుద్దామంటే గొంతు పెగలదు, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు బరువు, గదిలో ఎవరో నిలబడి ఉన్నారన్న గట్టి నమ్మకం. దీన్ని వైద్యులు స్లీప్ పెరాలసిస్ అంటారు. మన ఊళ్లలో దయ్యం గుండెల మీద కూర్చుందంటారు, జపాన్‌లో కనషిబరి అంటారు, కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో ముసలి మంత్రగత్తె వచ్చిందంటారు. రెమ్ నిద్రలో పక్కటెముకల మధ్య కండరాలు కూడా సడలిపోతాయి కనుక గట్టిగా ఊపిరి పీల్చుకోబోతే ఛాతీ మీద బరువున్నట్టు తోస్తుంది. కల ఇంకా పూర్తిగా ఆగలేదు కనుక ఆ బరువుకు ఒక రూపం వస్తుంది. 2011లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం జీవితంలో ఒక్కసారైనా ఇది అనుభవించినవారు సాధారణ జనంలో సుమారు 8 శాతం, విద్యార్థుల్లో 28 శాతం. వేళతప్పిన నిద్ర, ఒత్తిడి, వెల్లకిలా పడుకోవడం దీనికి దారితీస్తాయి. పరీక్షల ముందు హాస్టల్ పిల్లలు, అమెరికా వేళలకు పనిచేసే హైదరాబాదు ఉద్యోగులు ఈ అనుభవం చెబితే ఆశ్చర్యపడనక్కర్లేదు.

స్లీప్ పెరాలసిస్ దానంతట అది ప్రమాదకరం కాదు, ఒకటి రెండు నిమిషాల్లో విడిపోతుంది. అసలు హాని దానికి చెప్పుకునే అర్థంలో ఉంది. ఈజిప్టులోనూ డెన్మార్కులోనూ ఈ అనుభవాన్ని పోల్చి చూసిన పరిశోధకులకు, జిన్నుల పని అన్న నమ్మకం బలంగా ఉన్న ఈజిప్టువారిలో అది తరచుగా, ఎక్కువసేపు, చావు భయంతో వస్తోందని తెలిసింది. భయపడిన మనిషి మర్నాడు పడుకోవడానికి జంకుతాడు, నిద్ర చెడుతుంది, చెడిన నిద్ర మళ్లీ అదే అనుభవాన్ని తెస్తుంది. తాయెత్తు కట్టి "ఇక రాదులే" అని ధైర్యం చెప్పే పెద్దమ్మను నేను తప్పుపట్టను, ఆ ధైర్యం కొంత పనిచేస్తుంది కూడా. పదహారేళ్ల పిల్లకు గాలి సోకిందని నలుగురిలో తేల్చి చెప్పేవాళ్లు మాత్రం ఆమెకు నిజంగా హాని చేస్తున్నారు. పట్టపగలు కూడా ఆపుకోలేని నిద్ర ముంచుకొస్తుంటే, నవ్వినప్పుడు మోకాళ్లు సడలిపోతుంటే అది నార్కోలెప్సీ అనే నిద్ర జబ్బు కావచ్చు, న్యూరాలజిస్టుకు తప్పక చూపించాలి.

తాళం పడవలసిన వేళ పడకపోవడం రెండోది. మన సమాజంలో దీని గురించి దాదాపు మాటే వినపడదు కనుక దీన్ని కొంత వివరంగా చెప్పాలి. 1986లో అమెరికాలోని మినియాపొలిస్‌కు చెందిన కార్లోస్ షెంక్, మార్క్ మహోవాల్డ్, వారి సహచరులు నిద్రలో తన్నే, గుద్దే, మంచం మీద నుంచి దూకే కొందరు వృద్ధుల గురించి రాశారు. జువే పిల్లులకు శస్త్రచికిత్సతో జరిగినది ఈ మనుషులకు దానంతట అదే జరిగింది. దీనికి రెమ్ స్లీప్ బిహేవియర్ డిజార్డర్ అని పేరు. వీరి కలల్లో ఎవరో తరుముతుంటారు, ఏదో జంతువు మీద పడుతుంది, భార్యాబిడ్డలను కాపాడుకోవడానికి పోరాడుతుంటారు. ఆ పోరాటంలో దెబ్బలు తినేది పక్కన పడుకున్న భార్య.

అటువంటి కలకు అర్థం వెతకబోతే ఏమవుతుందో ఆలోచించండి. ఏళ్ల తరబడి లోపల దాచుకున్న కోపం ఇలా బయటపడుతోందని భార్య అనుకోవచ్చు, కోడలు అనుకోవచ్చు, పుస్తకాలు చదివిన స్నేహితుడూ అదే చెప్పవచ్చు. ఈ రోగుల కలల్లో దాడులు ఎక్కువగా ఉన్నా పగటి ప్రవర్తనలో దూకుడు ఇతరుల కన్నా ఎక్కువగా లేదని పరిశోధకులు పరిశీలించి చెప్పారు. నలభై ఏళ్లు మెత్తగా మాట్లాడిన మనిషి, చేయని తప్పుకు ఇంట్లో దోషిగా నిలబడతాడు. కల కథను చదవడం వల్ల కలిగే అన్యాయాల్లో దీనికన్నా పెద్దది నాకు తోచడం లేదు.

ఇంతకన్నా గట్టి కారణం ఇంకొకటి ఉంది. షెంక్ బృందం మొదట గమనించిన రోగుల్లో చాలామందికి ఏళ్లు గడిచాక చేతులు వణికి కదలికలు మందగించే పార్కిన్సన్స్ గానీ, మతిమరుపు తెచ్చే లూయీ బాడీ డిమెన్షియా గానీ వచ్చింది. 2019లో పలు దేశాల నిద్ర కేంద్రాలు కలిసి 1280 మంది రోగులను పరిశీలించి వెలువరించిన ఫలితాల ప్రకారం, పన్నెండేళ్లలో అటువంటి జబ్బు బయటపడే అవకాశం 73 శాతం పైచిలుకు. చేతి వణుకు మొదలవడానికి పదేళ్లో ఇంకా ముందో, మెదడు కాండంలో మొదలైన నష్టం కలలో కనిపిస్తోందన్నమాట. వాసన తెలియకపోవడం, మలబద్ధకం తోడైతే అనుమానం బలపడుతుంది. అలాగని నిద్రలో చేతులు ఆడించిన ప్రతి మనిషికీ ఇదే అనుకోకూడదు. తీవ్రమైన గురక జబ్బు, అంటే స్లీప్ అప్నియా, కూడా అచ్చం ఇలాగే కనిపించవచ్చు. డిప్రెషన్‌కు వాడే కొన్ని మందుల వల్ల కూడా ఇది రావచ్చు. రాత్రంతా మెదడు తరంగాలను, కండరాల కదలికను, శ్వాసను నమోదు చేసే స్లీప్ స్టడీ చేస్తే గానీ తేలదు.

ఇంట్లోవాళ్లు గమనించవలసినవి కొన్ని ఉన్నాయి. నిద్రలో నడిచేవారు సాధారణంగా రాత్రి మొదటి భాగంలో, కళ్లు తెరిచి లేస్తారు, లేపితే అయోమయంగా చూస్తారు. ఈ రోగులు రాత్రి రెండో భాగంలో, కళ్లు మూసుకునే పోరాడతారు, లేపితే వెంటనే తేరుకుని కలను చెబుతారు. ఫోనుతో తీసిన ఒక నిమిషం వీడియో డాక్టరుకు ఎంతో ఉపయోగపడుతుంది. పరీక్ష జరిగేలోపు పరుపు కిందికి దించడం, మంచం దగ్గర గాజు, ఇనుప వస్తువులు తీసేయడం ఆ రాత్రే చేయవచ్చు. దెబ్బలు తగలకుండా మెలటోనిన్, క్లోనజెపామ్ వంటి మందులు డాక్టర్లు ఇస్తారు.

కల కథకు వైద్యంలో చోటే లేదని నా వాదన కాదు. లైంగిక దాడికి గురైన స్త్రీలను పీడకలలు వదలకుండా వేధిస్తున్నప్పుడు, పగలు మెలకువలో ఆ కలను తమకు నచ్చినట్టు మార్చి రాసుకుని, మార్చిన కథను రోజూ మనసులో తలచుకునే చికిత్స ఫలితమిచ్చిందని 2001లో అమెరికా వైద్య సంఘం పత్రికలో బారీ క్రాకోవ్ బృందం ప్రకటించింది. అక్కడ కూడా ఆ కలకు అర్థం ఏమిటని ఎవరూ వెతకలేదు. పీడకలలు తరచూ వచ్చేవారిలో ఆత్మహత్య ఆలోచనలు ఎక్కువగా కనిపిస్తాయి కనుక, అటువంటి కల గురించి పిల్లలు చెప్పినప్పుడు దాన్ని తేలిగ్గా తీసేయకూడదు.

రెమ్ స్లీప్ బిహేవియర్ డిజార్డర్ నిర్ధారణ అయిన అరవై ఏళ్ల మనిషికి రాబోయే జబ్బు సంగతి చెప్పాలా వద్దా అన్నది వైద్యుల్లో నిజమైన చర్చ. ఆ జబ్బును ఆపగలదని రుజువైన మందు ఇంకా లేదు, చెబితే మిగిలిన మంచి ఏళ్లన్నీ భయంతోనే గడుస్తాయని కొందరి వాదన. ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నారని ముందుగా అడిగి, తెలుసుకోవాలన్నవారికి దాచకుండా చెప్పడమే సరైనదని నేను నమ్ముతున్నాను. ఆ మనిషి ఆస్తి వ్యవహారాలు, ఉద్యోగం, పిల్లల పెళ్లిళ్లు తన ఇష్టప్రకారం చక్కబెట్టుకోవడానికి వ్యవధి దొరుకుతుంది, కొత్త మందుల పరీక్షల్లో చేరే అవకాశం ఉంటుంది, ఏటా న్యూరాలజిస్టును కలవడానికి కారణం ఉంటుంది. ఆయన ఒప్పుకుంటే ఆ మాట చెప్పేటప్పుడు భార్యను కూడా పక్కన కూర్చోబెట్టాలి. ఆ రాత్రులు చూసినది, దెబ్బలు తిన్నది, రేపు చూసుకోవలసినది కూడా ఆమే కనుక, ఆ దెబ్బల్లో కోపం లేదన్న సంగతి ఆమె డాక్టరు నోట వినాలి.