చారల చొక్కా దొంగ, పద్నాలుగు జాగ్రత్తలు

సంక్రాంతికి పది రోజుల ముందు మా ఊరి రావిచెట్టు కింద, పాల కేంద్రానికి ఎదురుగా, ఇనుప చట్రంలో బిగించిన ఫ్లెక్సీ ఒకటి వెలిసింది. నేరాల నివారణకై గ్రామ ప్రజలకు సూచనలు అని పైన ఎర్రటి అక్షరాలున్నాయి. ఎనిమిదడుగుల పొడవు, ఆరడుగుల ఎత్తు గల ఆ ఫ్లెక్సీలో పై సగాన్ని పెద్దల ఫొటోలు ఆక్రమించగా, మిగిలిన సగంలో పద్నాలుగు సూచనలు ఒకదానినొకటి తోసుకుంటూ నిలబడ్డాయి. కుడివైపు మూలన దొంగగారికి కాస్త చోటు దొరికింది. ఆయన కళ్ళకు నల్లటి గంత కట్టుకుని, నలుపూ తెలుపూ చారల చొక్కా తొడుక్కుని, భుజాన మూట వేసుకుని, మునివేళ్ళ మీద నడుస్తున్నాడు.

ఇటువంటి వేషంలో దొంగ వస్తే పట్టుకోవడానికి మా ఊరివాళ్ళకు ఎటువంటి అభ్యంతరమూ లేదు. చిక్కల్లా ఇంతవరకు వచ్చిన దొంగలెవరూ ఆ నిబంధనను పాటించకపోవడమే. ఊరు మొత్తం మీద చారల చొక్కా ఉన్నది ఏడో తరగతి చదివే ఒక్క కుర్రవాడికి. ఫ్లెక్సీ వెలిసిన మర్నాటి నుంచి తోటి పిల్లల వేళాకోళం భరించలేక వాడు ఆ చొక్కా వేసుకోవడం మానేశాడు. నేరాల నివారణలో నేటి వరకు మా కళ్ళకు కనిపించిన ఫలితం అదొక్కటే.

సూచనలను నేను శ్రద్ధగా, రెండుసార్లు చదివాను. ఇంటి ముందు పాల ప్యాకెట్లు, దినపత్రికలు పోగుపడకుండా చూసుకోవాలని ఐదో సూచన చెబుతోంది. మాది పాల ప్యాకెట్లు కొనే ఊరు కాదు, రెండు పూటలా కేంద్రంలో పాలు పోసే ఊరు. ఆ కేంద్రం ఫ్లెక్సీకి పదడుగుల దూరంలోనే ఉంది. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ను పనిలో పెట్టుకునే ముందు అతని ఆధార్ కార్డు నకలు తీసుకుని స్టేషన్‌లో ఇవ్వాలని ఎనిమిదో సూచన హెచ్చరిస్తోంది. మా ఊళ్ళో అందరికంటే ఎత్తయిన కట్టడం మంచినీళ్ళ ట్యాంకు, దానికి వాచ్‌మన్ లేడు. అయితే మా ఊరి నుంచి హైదరాబాదు వెళ్ళి అపార్ట్‌మెంట్ల కింద గదుల్లో ఉంటూ వాచ్‌మన్ పని చేస్తున్న కుటుంబాలు మాత్రం చాలానే ఉన్నాయి. పండక్కి వచ్చిన వాళ్ళలో ఒకాయన బస్సు దిగి, సంచి భుజాన వేసుకునే, ఆ వాక్యాన్ని చివరిదాకా చదివాడు. తన సొంత ఊరు తనను ఎవరి పక్కన నిలబెట్టిందో అర్థమయిందో లేదో గాని, ఏమీ అనకుండా ఇంటికి వెళ్ళిపోయాడు.

పట్నంలో ఎక్కడో ఒకే డిజైను తయారై, ఊరి పేరు మాత్రం మార్చుకుని మండలమంతా ఊరేగిన ఫ్లెక్సీ ఇదని వేరే చెప్పనక్కరలేదు. అయినా ప్రభుత్వ సూచన కాబట్టి దాన్ని తు.చ. తప్పకుండా ఆచరించి చూడాలని మా పిన్ని నిర్ణయించుకుంది. ఆమె అన్నగారి మనవరాలి పెళ్ళి మూడు రోజుల్లో ఉంది. ఆమె దగ్గర నాలుగు సవర్ల నానుతాడూ, ఒక జత గాజులూ ఉన్నాయి. "ఒరేయ్ అబ్బాయ్, ఒక్కొక్కటీ చదువు, నేను చేసుకుంటూ పోతాను" అని నన్ను ఫ్లెక్సీ ముందు నిలబెట్టింది.

మొదటి సూచన ప్రకారం ప్రయాణాల్లో నగలు ధరించరాదు. రెండో సూచన ప్రకారం తాళం వేసిన ఇంట్లో నగలు ఉంచరాదు. మూడోదాని ప్రకారం ఇరుగుపొరుగు వారికి అప్పగించరాదు. నాలుగోది బ్యాంకు లాకర్లో పెట్టుకోమంటుంది. లాకరున్న బ్యాంకు పద్నాలుగు కిలోమీటర్ల అవతల ఉంది. అక్కడికి బస్సులో వెళ్ళాలి. బస్సుల్లో నగల సంచులతో ప్రయాణించరాదని తొమ్మిదో సూచన. అంటే మా పిన్ని తన బంగారాన్ని ఒంటి మీద పెట్టుకోకూడదు, ఇంట్లో ఉంచకూడదు, ఒకరికి ఇవ్వకూడదు, ఎక్కడికీ తీసుకుపోకూడదు. మిగిలింది మింగడమే గాని, ఆ విషయంలో ఫ్లెక్సీ మౌనం వహించింది.

అక్కడితో ఆమె పట్టు వదల్లేదు. ఇంట్లో మనుషులున్నట్టు కనిపించాలి గనుక గుమ్మం ముందు రెండు జతల చెప్పులు పెట్టింది. ముందు గదిలో లైటు వేసింది. తాళం బయటికి కనిపించకూడదు గనుక దాని మీద పాత దుప్పటి వేలాడదీసింది. దాంతో ఆ దారిన పోయే ప్రతివాడూ ఆగి, ఈ తలుపుకు దుప్పటి ఎందుకు కప్పారని ఎత్తి చూడడం మొదలుపెట్టాడు. ఊరికి వెళ్ళేవారు ముందుగా పోలీసులకు తెలపాలని పన్నెండో సూచన. తాళం వేసిన ఇళ్ళ కోసం మన ఆంధ్రప్రదేశ్‌లో ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే ఏర్పాటు ఉంది; యాప్‌లో నమోదు చేసుకుంటే పోలీసులే వచ్చి ఇంట్లో కెమెరా బిగిస్తారు. ఆలోచన నిజంగా మంచిదే, కాకపోతే మా పిన్నిది బటన్ ఫోను. అందుచేత స్టేషన్ నంబరు కలిపి ఇచ్చాను. అవతలి గొంతు మర్యాదగానే, ఎన్ని రోజులు ఊళ్ళో ఉండరు, ఇంట్లో బంగారం ఎంత ఉంటుంది అని అడిగింది. పిన్ని ఠక్కున ఫోను పెట్టేసింది. ఫోనులో ఇంటి వివరాలు ఎవరడిగినా చెప్పరాదని పదకొండో సూచన.

చివరకు ఆమె పెళ్ళికి వెళ్ళలేదు. నానుతాడు మెడలో వేసుకుని, మెడ చుట్టూ కొంగు నిండుగా కప్పుకుని, లైటు వెలుగుతున్న తన ఇంటి అరుగు మీద, రెండు జతల చెప్పుల పక్కన, మూడు రోజులు తానే కాపలా కూర్చుంది. నేరమూ ఆగింది, ప్రయాణమూ ఆగింది.

అపరిచితులు కనిపిస్తే వెంటనే సమాచారం ఇవ్వాలన్నది పదమూడో సూచన. మిరప కోతల కాలంలో కర్నూలు వైపు నుంచి లారీల కొద్దీ కూలీలు మా వైపుకు దిగుతారు. జనవరి నుంచి మార్చి దాకా ఊళ్ళో సగం మంది అపరిచితులే. ఈ వాక్యం మీద మాత్రం నాకు నవ్వు రాదు. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు లేచినప్పుడు తెలుగు పల్లెల్లో దెబ్బలు తిన్నవాళ్ళంతా అపరిచితులే, వాళ్ళలో ప్రాణాలు పోగొట్టుకున్న అమాయకులూ ఉన్నారు. ఆ రోజుల్లో జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఊరూరికీ పోలీసులను పంపించి, పాటగాళ్ళను వెంటబెట్టి, జనంతో మాట్లాడించారు. మనుషులు మనుషుల దగ్గరికి వెళ్ళారన్నమాట. చట్రంలో బిగించి వెళ్ళిపోవడం వేరు.

ఇక కెమెరాల సంగతి. ఒక్క సీసీ కెమెరా వంద మంది పోలీసులతో సమానమని ఫ్లెక్సీ అడుగున రాశారు. చందాలు వేసుకుని మేము నాలుగు కెమెరాలు పెట్టించుకున్నాం కాబట్టి లెక్క ప్రకారం మా ఊరికి నాలుగు వందల మంది పోలీసులు ఉన్నారు. వారిలో రెండు వందల మంది కోతులు తీగ పీకిన నాటి నుంచి సెలవులో ఉన్నారు. వంద మంది వేపకొమ్మను పరిశీలిస్తున్నారు. మిగిలిన వంద మంది రావిచెట్టు కేసి తిరిగి, ఫ్లెక్సీకి కాపలా కాస్తున్నారు.

పండుగ వెళ్ళిన రెండో వారంలో మా పెదనాన్న పొలంలో మోటారు కేబులు కోసుకుపోయారు. ఇంట్లో కాదు, లాకర్లో కాదు, మెడలోనూ కాదు. ఫ్లెక్సీకి తెలియని చోట. ఈ పని ఎలా జరుగుతుందో పల్లెలో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. బోరు దగ్గర ఒక కోత, స్టార్టరు దగ్గర ఇంకో కోత, అంతే. ట్రాన్స్‌ఫార్మరయితే కింద పడేసి, నూనె ఒంపేసి, లోపలి రాగి చుట్టలు లాక్కుపోతారు. కేబులును కాలువ గట్టుకు తీసుకెళ్ళి, పైతొడుగు కాల్చి, రాగి తీగను పాత సామాన్ల కొట్టుకు తూకానికి వేస్తారు. ఉదయం మేము వెళ్ళేసరికి గట్టు మీద నల్లటి మసి మరక ఇంకా వెచ్చగానే ఉంది. ప్లాస్టిక్కు కాలిన కమురు వాసన ముక్కుకు పట్టింది. పక్కనే ఒక బ్లేడు ముక్క, బైకు టైరు జాడ. ఇంతకంటే ఎక్కువ ఆధారం వదలాలంటే దొంగ తన ఆధార్ నకలు పెట్టి వెళ్ళాలి.

స్టేషన్‌లో పెదనాన్న గంటన్నర నిలబడ్డాడు. "ఏం పెద్దాయనా, కేబులుకు బిల్లు ఉందా?" అని అడిగారు. తొమ్మిదేళ్ళ నాడు కొన్న కేబులయ్యా, బిల్లెక్కడిది అన్నాడు. "రాత్రిపూట పొలంలో కాపలా పడుకోవాల్సింది కదా, ఫ్లెక్సీ చూడలేదా?" అన్నారు.

అరవై ఎనిమిదేళ్ళ మనిషి అతను. మోకాళ్ళ మీద లేవలేడు. పగలంతా తోటలో ఉండి, రాత్రి కూడా పాముల మధ్య గట్టు మీద పడుకోవాలట. మరి జీతం తీసుకునే కాపలా ఎవరిది? వెనకటికి ఊరికొక తలారి ఉండేవాడు; 1984లో వంశపారంపర్య గ్రామాధికారుల వ్యవస్థ రద్దయింది, అందులోని పెత్తనాలకు అది పోవలసిందే, కాని కాపలా బాధ్యత కూడా దానితో పాటే రద్దయి మా పెదనాన్న నెత్తిన పడిందని ఎవరూ చాటింపు వేయించలేదు! కాపు మీదున్న తోటకు అయిదు రోజులు తడి లేదు. కొత్త కేబులుకు అప్పు తెచ్చాడు. మసి మరకను చూడడానికి ఒక్కరంటే ఒక్కరు రాలేదు. అంత రాగి కొన్న కొట్టువాణ్ణి ఇది ఎక్కడిదిరా అని అడిగిన నాథుడు లేడు. పాత సామాన్ల కొట్లకు ఒక్క సూచన అయినా ఏ ఫ్లెక్సీ మీద అయినా ఎవరయినా చూశారా? పోగొట్టుకున్నవాడికి పద్నాలుగు నీతులు, కొన్నవాడికి ఒక్కటీ లేదు. ఇది జాగ్రత్త చెప్పడం కాదు, దొంగతనం జరగకముందే తప్పును పోగొట్టుకున్నవాడి పేర రాసిపెట్టుకోవడం.

ఫిర్యాదులో శిక్షార్హమైన, పోలీసులు నేరుగా దర్యాప్తు చేయదగిన నేరం కనబడితే ఎఫ్ఐఆర్ రాసి తీరాలని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013లోనే చెప్పింది. 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు, ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి, రాయకపోతే ఎస్పీకి తపాలాలో పంపవచ్చు, అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళవచ్చు. నలభై ఎనిమిది చదరపు అడుగుల ఫ్లెక్సీలో ఈ ఒక్క వాక్యానికి చోటు చాలలేదు. దొంగగారి మూటకు చాలింది.

కొత్త చట్టాల్లో ఇంకొక సదుపాయం కూడా ఉంది. పోయిన సొత్తు విలువ ఐదు వేల రూపాయల లోపయితే ఆ దొంగతనాన్ని మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు చేయకూడదు. మొదటిసారి దోషిగా తేలినవాడు సొత్తు తిరిగి ఇస్తే సమాజ సేవతో సరిపోతుంది. ఈ సంగతి మా పెదనాన్నకు తెలియదు, ఎదుటివారికి బాగా తెలుసు. "పాత కేబులే కదా, ఏమాత్రం చేస్తుంది, నాలుగు వేలు వేసుకోండి" అన్నారు. కొత్తది కొనడానికి పదకొండు వేలయింది.

ఫిబ్రవరి నెలాఖరున ఒక రాత్రి ఫ్లెక్సీ చట్రంతో సహా మాయమైంది. కాపలా కాస్తున్న వంద మందికి ఆ సమయంలో కరెంటు లేదు. మధ్యాహ్నానికల్లా జీపులో ఇద్దరు వచ్చారు. రావిచెట్టు చుట్టూ టేపు పెట్టి కొలిచారు, గుంజ గుంతలను ఫొటోలు తీశారు, పాల కేంద్రం అబ్బాయిని గంటసేపు ప్రశ్నించారు. బిల్లు ఉందా అని మాత్రం ఎవరూ ఎవరినీ అడగలేదు. ఫ్లెక్సీ గుడ్డ ఇప్పుడు ఎవరి కల్లంలో, ఏ మిరపకాయల రాశి మీద, దొంగ బొమ్మ కిందికి తిప్పి కప్పి ఉందో నాకు తెలుసు గాని, అపరిచితులకు వివరాలు చెప్పరాదన్న నియమం ఒకటుంది. సచివాలయంలో పంచనామా కాగితం మీద సాక్షి సంతకం పెట్టమని నన్ను పిలిచినప్పుడు సొత్తు విలువ అన్న గడి చూశాను. ఇనుప చట్రంతో కలిపి ఐదు వేల రెండు వందలు అని రాసి ఉంది.