వేసవి పఠనాన్ని అరికట్టడంలో పెద్దల కృషి

సెలవులు రాగానే పిల్లలు తమంతట తామే పుస్తకం తీసి చదువుకునే ప్రమాదం పొంచి ఉంటుంది కాబట్టి, దానిని నివారించేందుకు పెద్దలు ఏటా తీసుకుంటున్న చర్యలను ఎంత మెచ్చుకున్నా తక్కువే. ఆ చర్యలన్నిటికీ ‘పఠనాభిరుచిని పెంపొందించడం’ అని పేరు పెట్టిన చాకచక్యం మరీ ప్రశంసనీయం.

వీటిలో అగ్రస్థానం పట్టికది. రోజుకు 20 నిమిషాలు చదవాలని, చదివినట్లు తల్లో తండ్రో సంతకం చేయాలని నియమం పెట్టగానే, కథలో దొంగ గోడ దూకబోతున్న క్షణాన పిల్లవాడి చూపు గడియారం మీదికి మళ్లుతుంది; గడువు తీరాక ఆ దొంగ గోడ మీదే ఉండిపోతాడు, మర్నాటి దాకా అతనికి దిగే యోగం లేదు. (సంతకాలన్నీ సెలవుల చివరి రాత్రి ఒకే కలంతో, ఒకే ఊపులో పడతాయని గిట్టనివాళ్లు అంటారు.)

బహుమతి పద్ధతికైతే శాస్త్రబలం కూడా ఉంది. 1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు, బొమ్మలు గీయడమంటే అప్పటికే ఇష్టమున్న చిన్నపిల్లల్లో కొందరికి, గీస్తే బంగారు ముద్ర వేసిన ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పి, అలాగే ఇచ్చారు. ఒకటి రెండు వారాల తర్వాత చూస్తే, ఏ ఆశా చూపని పిల్లల కంటే వీళ్లే బొమ్మల జోలికి తక్కువగా వెళ్తున్నారు. ఇష్టాన్ని కూలిపనిగా మార్చడానికి ఒక్క కాగితం చాలినప్పుడు, పది పుస్తకాలకు సైకిలు కొనిపెడతామనే తల్లిదండ్రుల విజయాన్ని శంకించనక్కర్లేదు.

అయితే ఈ మహోద్యమానికి ఫ్లోరిడాలో గట్టి దెబ్బ తగిలింది. రిచర్డ్ ఆలింగ్టన్, ఆన్ మెక్‌గిల్-ఫ్రాంజెన్ తదితర పరిశోధకులు అక్కడి పేద పిల్లల ముందు వందల పుస్తకాలు పెట్టి, నచ్చినవి ఏరుకోమని, వరుసగా మూడు వేసవులు తలా 12 చొప్పున ఇచ్చారు. 2010లో వెలువడిన ఫలితాల ప్రకారం, పుస్తకాలు అందని పిల్లల కంటే వీళ్లు చదవడంలో ముందున్నారు. నచ్చినవి ఏరుకోనివ్వడమే ఇంతటి అనర్థానికి దారితీస్తుందని తెలిశాక కూడా ఉపేక్షించడం బాధ్యత అనిపించుకోదు.

కనుక పిల్లలు బొమ్మల కథో, జోకుల పుస్తకమో పట్టుకున్న వెంటనే ‘ఇదా చదివేది?’ అని లాక్కోవాలి. చదివిన పుస్తకాన్నే నాలుగోసారి తెరిస్తే అది కాలయాపన అని నిరూపించాలి. ప్రతి కథ చివరా నీతి ఏమిటో అడగాలి. కథలో నీతి లేకపోతే ఆ లోపానికి పిల్లలనే బాధ్యులను చేయాలి. ఇవన్నీ ఫోను మీది నుంచి చూపు తిప్పకుండానే చేయవచ్చు కాబట్టి పెద్దలకు శ్రమ కూడా ఉండదు.

ఇన్ని కట్టుదిట్టాలనూ దాటుకుని ఏ పిల్లయినా మూలన కూర్చుని, పిలిచినా పలకకుండా చదువుతూ కనిపిస్తే, ఆలస్యం చేయకుండా దగ్గరికి వెళ్లి ఎన్ని పేజీలయ్యాయని అడగండి. అప్పటికీ తల ఎత్తకపోతే, ఇంటికి వచ్చిన బంధువుల ముందు నిలబెట్టి ఆ కథ మొత్తం చెప్పించండి.