అంగిలి మీద టార్చ్ వెయ్యండి

పొగాకు చుట్టని, నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చడాన్ని మన ఉత్తరాంధ్రలో అడ్డపొగ అంటారు, విశాఖ చుట్టుపక్కల జాలరిపేటల్లో పెద్దవయసు ఆడవాళ్లలో ఇంకా కనపడుతుంది. గాలికి ఆరిపోదు, బూడిద ఒళ్లో పిల్ల మీద పడదు అని ఏవో కారణాలు చెప్తారు గానీ ఆ వేడీ పొగా నేరుగా తగిలేది అంగిలికి, అంటే నోటి పైకప్పుకి, అందుకే గుట్కా, ఖైనీ వాళ్లకి బుగ్గ లోపల వచ్చే క్యాన్సర్ వీళ్లకి అంగిలి మీద వస్తుంది. అద్దంలో చూసుకున్నా అంత పైన ఏముందో ఎవరికి కనపడుతుంది చెప్పండి.

పైగా మొదట్లో నొప్పి ఉండదు. తెల్ల మచ్చో ఎర్ర మచ్చో వస్తుంది, లేదా రెండు వారాలైనా మానని పుండు, గుట్కా నమిలేవాళ్లకైతే నోరు పూర్తిగా తెరుచుకోదు, కారం తగిలితే మంట. అప్పుడే ముక్క తీసి టెస్ట్ చేయిస్తే చిన్న ఆపరేషన్‌తో పోయేది, మెడలో గడ్డ వచ్చాక వెళ్తే దవడ ఎముక కూడా తియ్యాల్సి రావచ్చు. కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుందని ఇప్పటికీ భయపడేవాళ్లున్నారు, అది ఒట్టి అపోహ.

1971లో ఆంధ్రలో అడ్డపొగ మీద వచ్చిన స్టడీ కోసం 10,169 మంది పల్లెవాళ్ల నోళ్లు చూశారు. తిరువనంతపురంలో ఆరోగ్య కార్యకర్తలే ఇంటింటికీ తిరిగి నోళ్లు పరీక్షిస్తే పొగాకు, మందు అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ చావులు మూడో వంతు తగ్గాయని 2005లో తేలింది. అంటే పెద్ద మెషిన్లు అక్కర్లేదు, వెలుతురు, చూపు తెలిసిన మనిషి ఉంటే చాలు.

30 ఏళ్లు దాటినవాళ్లకి నోటి క్యాన్సర్ స్క్రీనింగ్ చెయ్యాలని ప్రభుత్వ ప్రోగ్రామ్ ఉంది, బానే ఉంది, కానీ నోట్లో ఏమైనా ఇబ్బందా అని గుమ్మంలో అడిగి, లేదంటే టిక్ పెట్టి వెళ్లిపోతే అది స్క్రీనింగ్ అవ్వదు. నొప్పే లేనప్పుడు మామ్మ ఏం చెప్తుంది? మా డిమాండ్ చిన్నదే. చుట్ట కాల్చే ప్రతి మనిషికీ కట్టుడు పళ్లుంటే తీయించి, తల వెనక్కి వంచి, అంగిలి మీద టార్చ్ వేసి చూడాలి. అనుమానం వస్తే చీటీ రాసి వదిలెయ్యకుండా విశాఖ ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కో, అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ హాస్పిటల్‌కో ఎవరో ఒకరు వెంట తీసుకెళ్లాలి, ఒక రోజు కూలి పోతుందని ఆగిపోయేవాళ్లే ఎక్కువ కాబట్టి ఆ కూలి డబ్బులు ఎవరిస్తారో కూడా ముందే తేల్చాలి.