శాలువా కప్పాం, మైకు లాక్కున్నాం

మొన్న మన సంఘం ఉగాది వేడుకల్లో ఆర్కిటెక్చర్ ప్రొఫెసర్ గారిని స్టేజీ మీదికి పిలిచాం. "మేడమ్ పెద్ద పెద్ద బిల్డింగులు కడతారు" అన్నారు ఎంసీ గారు. శాలువా, మెమెంటో, ఫొటో. ఆవిడ పెన్‌డ్రైవ్ తీసేలోపే "టైం లేదు మేడమ్, పిల్లల డాన్సులున్నాయి" అని మైకు తీసేసుకున్నాం. డైమండ్ స్పాన్సర్ గారి ప్రసంగానికి మాత్రం టైముకి లోటు రాలేదు.

భోజనాల లైన్లో ఆవిడ వెనకే నిలబడ్డాను. పులిహోర దాకా వచ్చేలోగా స్లైడ్లలో ఏముందో చెప్పించుకున్నా. మొదటిదే హైదరాబాద్‌లోని మా ఈసీఐఎల్ కాలనీ! చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ అక్కడ పెద్దమ్మ వాళ్ళింట్లోనే. సాయంత్రం డాబా మీద నీళ్ళు చల్లి, చీకటి పడ్డాక పక్కలేసుకుని, పక్క డాబా వాళ్ళతో అర్ధరాత్రి దాకా కబుర్లు. పెద్దనాన్న కసిరితేగానీ నిద్రపోయేవాళ్ళం కాదు. 1960ల చివర్లో ఆ కాలనీకి డిజైన్ చేసింది ఆర్కిటెక్ట్ బాలకృష్ణ దోషీ అట.

ప్యారిస్‌లో పేరుమోసిన ఆర్కిటెక్ట్ లె కొర్బూజియే దగ్గర పని నేర్చుకుని వచ్చిన దోషీ, 1962లో అహ్మదాబాద్‌లో ఆర్కిటెక్చర్ స్కూలు పెట్టారు. అటు పాఠాలు, ఇటు ప్రాక్టీసు. ఇందోర్‌లో పేదవాళ్ళ కోసం వేసిన అరణ్య కాలనీలో నమూనాకి 80 ఇళ్ళు కట్టి, మిగతావాళ్ళకి స్థలం, పునాది, నీళ్ళు, మరుగుదొడ్డి సమకూర్చారు. చేతిలో డబ్బు ఆడినప్పుడు గది మీద గది వాళ్ళే వేసుకున్నారు. 2018లో, 90 ఏళ్ళ వయసులో, ఆర్కిటెక్టులకిచ్చే అతిపెద్ద గౌరవం ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్న తొలి భారతీయుడాయన.

మన ప్రొఫెసర్ గారిదీ అదే బాట. పొద్దున స్టూడియోలో పిల్లల డ్రాయింగులు దిద్దడం, మధ్యాహ్నం సైటు. అలాంటి మనిషిని, సంఘానికి సొంత హాలు కట్టించబోతున్న మన బిల్డింగ్ కమిటీ అడిగిందొక్కటే: "ఈశాన్యంలో వంటగది పెట్టొచ్చా?"

ఈసీ (కార్యవర్గం) వాళ్ళ బాధా తెలుసు. గంట దాటితే హాలు అద్దె పెరుగుతుంది, వాలంటీర్లకి పొద్దుటి నుంచీ కాఫీ కూడా ఉండదు. కానీ స్థలం కొన్నాం, విరాళాలు పోగయ్యాయి. కాంట్రాక్టరు దగ్గరున్న రెడీమేడ్ ప్లానుకి సంతకం పెట్టేస్తే గుమ్మంలో చెప్పుల గుట్టలు, స్ట్రోలర్లు, బాత్రూం దాకా సాగే బఫే లైను మళ్ళీ మామూలే. తన స్టూడెంట్లకి మన హాలునే ఒక సెమిస్టర్ ప్రాజెక్టుగా ఇస్తానని ఆవిడే అన్నారు, ఫీజు మాట కూడా ఎత్తకుండా.

అయ్యా, ప్రెసిడెంటు గారూ! సంతకాలకి ముందే ఆవిడకి ఒక సాయంత్రం ఇవ్వండి. ప్రొజెక్టరు నేను తెస్తాను.