మిమ్మల్ని మర్చిపోతానా అత్తయ్యా!

ఊరెళ్తే నాకు దోమల భయం లేదు, పాముల భయం లేదు. ఉన్న భయమల్లా ఒక్క ప్రశ్నకి. ఎవరో ఒక పెద్దావిడ ఎదురొచ్చి, రెండు చేతులూ పట్టుకుని, "నేనెవర్నో చెప్పుకో చూద్దాం" అంటుంది. నాకు తెలీదని ఆవిడకి తెలుసు. అయినా పరీక్ష రాయాల్సిందే.

పాతికేళ్ళుగా డాలస్‌లో ఉంటున్నవాణ్ణి. మూడు నాలుగుసార్లు తప్పాక ఒక ఉపాయం కనిపెట్టాను. ఆవిడ నోరు తెరవగానే "మిమ్మల్ని మర్చిపోతానా!" అనెయ్యడం, ఆ వెంటనే "మోకాళ్ళెలా ఉన్నాయి?" అని అడగడం. అరవై దాటినవాళ్ళలో మోకాళ్ళు బాగున్నాయన్నవాళ్ళు నాకింతవరకూ తగల్లేదు. ఇక పావుగంటసేపు వాళ్ళే చెప్పుకుపోతారు. మధ్యలో కొడుకు పేరు, కోడలి ఊరు, ఏ పెళ్ళిలో కలిశామో అన్నీ దొర్లుతాయి. మనం ఏరుకుని వరస కలుపుకోవడమే.

మొన్న డిసెంబరులో మా అబ్బాయితో కోనసీమ వెళ్ళాను. వాడికి పద్నాలుగేళ్ళు, పుట్టి పెరిగిందంతా డాలస్‌లోనే. పెద్దవాళ్ళని "మీరు" అనాలని ఆదివారం తెలుగు క్లాసులో నేర్పారు. వీడు ఎందుకైనా మంచిదని అందర్నీ అంటాడు. రావులపాలెంలో టీకి ఆగితే, కాళ్ళ దగ్గరికొచ్చిన కుక్కని "మీరు బిస్కెట్ తింటారా?" అని అడిగాడు. అది తిన్నది.

వరసకి అత్తయ్య ఒకావిడ ఉంది, మా నాన్నగారి పినతల్లి కూతురు. నేనావిడని చూసి ఎనిమిదేళ్ళయింది. "మోకాళ్ళకి రాసుకునే అమెరికా మందు తెమ్మంది. ఇచ్చి రాకపోతే నేను మాట పడతాను" అని నాన్నగారు గట్టిగా చెప్పారు. బాబాయి ఫోన్లో గుర్తులు చెప్పాడు: రామాలయం దాటాక ఆకుపచ్చ గేటు, పక్కన వంగిన కొబ్బరిచెట్టు.

రాజమండ్రి ఎయిర్‌పోర్టులో ఎక్కినప్పటినుంచీ మా డ్రైవరు ఏమన్నా "ఆయ్" అంటున్నాడు. ఆకుపచ్చ గేటు కనబడగానే "ఇదే అనుకుంటా కదూ?" అన్నాను. "ఆయ్" అన్నాడు. గోదావరి జిల్లాల్లో ఆ మాటకి అవునని అర్థం కాదు, తమరి మాట చెవిన పడిందని మాత్రమే అర్థం. అది మర్చిపోవడం నా మొదటి తప్పు. నెలగంట పెట్టిన రోజులేమో, వాకిలి నిండా ముగ్గు. కారు సగం ముగ్గు మీద ఆగింది.

అరుగు మీదున్న పెద్దావిడ లేచొచ్చింది. "గుర్తుపట్టావా నాయనా?"

"మిమ్మల్ని మర్చిపోతానా అత్తయ్యా! మోకాళ్ళెలా ఉన్నాయి?"

"వాటి సంగతి అడక్కు నాయనా, మెట్టెక్కితే ప్రాణం పోతోంది."

ఇంకేం, అత్తయ్యే! బ్యాగు తెరిచి మందు ట్యూబు, బాదంపప్పు, చాక్లెట్లు చేతిలో పెట్టాను. ఆవిడ అక్కడే కూర్చుని ఓ మోకాలికి మందు రాసేసుకుని, రెండో మోకాలు మొదలుపెట్టింది.

లోపల దండేసిన ఫొటో చూసి మావాడు గొణిగాడు. "డాడ్, ఫోన్లో చూపించిన తాతయ్యకి మీసాలున్నాయి. ఈయనకి లేవేంటి?"

"పాత ఫొటో కదరా, మాసిపోయుంటాయి."

అరిటాకుల్లో కందా బచ్చలి, అరటికాయ ఆవపెట్టిన కూర, ముక్కల పులుసు. అంత తిండి తిని ఎన్నాళ్ళయిందో! పెరుగన్నం కలుపుతుండగా ఫోన్ మోగింది.

"ఒరేయ్, ఎక్కడున్నావురా? వంకాయ కూర చల్లారిపోతోంది."

"ఎవరండీ?"

"ఎవరండీ ఏమిట్రా, అత్తయ్యని!"

ఆ గొంతు ఫోన్లోంచి ఒకసారి, ప్రహరీ అవతల నుంచి ఒకసారి వినిపించింది. ఎదురుగా ఉన్న అత్తయ్య వంక చూశాను. ఆవిడ నింపాదిగా గరిటెతో పెరుగు తీస్తోంది.

"తొందరేం లేదు, వేసుకో. మీ అత్తయ్య ఇల్లెక్కడికి పోతుంది, పక్కదేగా. కిందటేడు నీలం గేటు పెట్టించింది."

"అంటే... నేనెవరో మీకు తెలుసా?"

"కారు దిగగానే తెలిసింది. అచ్చం మీ తాత నడక! అందుకే గుర్తుపట్టావా అని అడిగా. మిమ్మల్ని మర్చిపోతానా అన్నావు. అంత అభిమానంగా అన్నవాణ్ణి అన్నం పెట్టకుండా ఎలా పంపను?"

ఎనిమిదేళ్ళలో గేట్ల రంగులు మారవా మరి? ఈ ఊరు తూర్పుగోదావరిలో ఉందని మావాడికి దారంతా చెప్పుకొచ్చాను. తీరా చూస్తే, 2022లో కోనసీమ వేరే జిల్లా అయిపోయిందని బోర్డులు చూసి వాడే నాకు చెప్పాడు.

ఆ వంగిన కొబ్బరిచెట్టు సంగతి తర్వాత తెలిసింది. మొదలు ఈవిడ దొడ్లో, తల అత్తయ్య దొడ్లో. రాలిన కాయలు ఎవరివన్నది తేలక పదకొండేళ్ళుగా రెండిళ్ళకీ మాటల్లేవు. దింపులకొచ్చినవాడు మాత్రం సగం కాయలు ఇటు, సగం అటు వేసి, ఇద్దరి దగ్గరా పూర్తి కూలి తీసుకుని పోతాడట. ఊళ్ళో బుద్ధిమంతుడు వాడొక్కడే.

నీలం గేటు తీసుకుని వెళ్ళేసరికి అత్తయ్య ఆకులేసి కూర్చుంది. మీసాల తాతయ్య గోడ మీంచి నన్నే చూస్తున్నాడు.

"ఏం పెట్టిందేమిటి?" చెప్పాను. "ఆవ చేదెక్కిందా?"

బాగుందంటే ఇక్కడ బతకను. బాలేదంటే గోడవతలికి వినిపిస్తుంది. బాగా ఆలోచించి, "ఆకలి మీదున్నాను అత్తయ్యా, రుచి తెలియలేదు" అన్నాను.

"అయితే ఇంకా ఆకలి మీదే ఉన్నావన్నమాట" అని వంకాయ కూర గిన్నె ఆకులో బోర్లించింది.

మావాడు "డాలస్‌లో ఇప్పుడు రాత్రి రెండుంపావు" అని చెప్పి నవారు మంచం మీద వాలిపోయాడు. వాడి వాటా అరిసెలు కూడా నా ఆకులోకే వచ్చాయి. ఆ ఇంట్లో పెట్టినవాటి కంటే ఇక్కడ ఒక్కటైనా ఎక్కువ తినాలి కదా, వంశగౌరవం!

ఇక మందు సంగతి దాచలేక చెప్పేశాను. అత్తయ్య నాతో మాట్లాడ్డం మానేసింది.

సాయంత్రం నడుం వాల్చి ఆయాసపడుతుంటే, గోడవతల నుంచి ఘాటుగా మందు వాసన వచ్చింది. ఆ వెనకే గొంతు. అత్తయ్యనుద్దేశించి కాదు, గాల్లోకి. "ఇదిగో అబ్బాయ్, ఈ మందు రోజుకి ఎన్నిసార్లు రాసుకోవాలి?"

నేను నోరు తెరిచేలోపే అత్తయ్య లేచి కూర్చుంది.

"ఒక్కసారే అని చెప్పరా. మిగిలింది నాక్కావాలి."