ఒకటో తరగతికి సొంత టీచర్ కావాలి

వరంగల్, హనుమకొండ జిల్లాల్లో ఏ మండలానికి పోయినా ఇలాంటి ప్రాథమిక బడి ఒకటైనా కనబడుతుంది. పిల్లలు యాభై ఐదు మంది ఉంటారు. తరగతులు ఐదు, టీచర్లు ఇద్దరు. గదులు మూడున్నా ఒకటి కురుస్తుంది కాబట్టి వాడుకునేవి రెండే, మిగతాది వరండా. విద్యాహక్కు చట్టం ప్రకారం చూస్తే ఈ బడిలో టీచర్ల కొరత లేనట్టే. 60 మంది దాకా ఇద్దరు టీచర్లు చాలని 2009 చట్టం షెడ్యూల్‌లోనే రాసి ఉంది. 30 మందికి ఒకరు అనే లెక్క కూడా సరిపోతుంది. కాగితం మీద ఈ బడికి వంక పెట్టడానికేమీ లేదు.

లోపలికి పోయి చూస్తే లెక్క మారిపోతుంది. ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఇంగ్లిష్, గణితం ఉంటాయి. మూడు నుంచి ఐదు దాకా వాటికి తోడు పరిసరాల విజ్ఞానం. అంటే కింది రెండు తరగతులకు ఆరు, పై మూడింటికి పన్నెండు, మొత్తం 18 పాఠాలు నడవాలి. ప్రాథమిక తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలని చట్టం చెప్పింది. రోజుకు నాలుగు గంటలన్నమాట. ఇద్దరు టీచర్లవి కలిపితే 480 నిమిషాలు. 18తో భాగిస్తే పాఠానికి 27 నిమిషాలు కూడా రావు. మన బడులు రోజుకు నాలుగు గంటల కన్నా ఎక్కువే నడుస్తాయి, కాదనను. కానీ ఇద్దరిలో ఒకరు సెలవు పెట్టినా, చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌కు పోయినా ఆ 27 నిమిషాలు సగానికి పడిపోతాయి. అలాంటి రోజులు నెలలో ఎన్ని ఉంటాయో ఏ టీచర్‌ను అడిగినా చెబుతారు.

చట్టం పిల్లల తలలు లెక్కపెట్టింది, తరగతులను లెక్కలోకి తీసుకోలేదు. దీని దెబ్బ ఐదు తరగతుల మీదా సమానంగా పడదు. ఎక్కువగా పడేది ఒకటో తరగతి మీద. కాబట్టి నేను అడిగేది ఒక్కటే. ఒకటో తరగతిలో పిల్లలు చేరిన ప్రతి బడిలో, బడి బలం, అంటే మొత్తం పిల్లల సంఖ్య, ఎంతైనా సరే, పొద్దటి పూటంతా ఆ తరగతికే పరిమితమైన ఒక టీచర్ ఉండాలి. ఆ పూట వేరే తరగతి గానీ, వేరే పని గానీ అప్పగించొద్దు.

ఎందుకు ఒకటో తరగతికే? చదవడం వచ్చిన పిల్లను పుస్తకం ఇచ్చి ఇరవై నిమిషాలు వదిలేయొచ్చు. పాఠం చదువుతుంది, ప్రశ్నలకు జవాబు వెతుకుతుంది, పక్కపిల్లకు చెబుతుంది. చదవడం రాని పిల్లను రెండు నిమిషాలు వదిలినా పలక మీద గీతలే మిగులుతాయి. ఒక టీచర్ మూడు తరగతులను ఒకే గదిలో నడపాలంటే రెండు తరగతులు తమంతట తాము పని చేసుకోగలగాలి. అంటే ఆ రెండు తరగతుల పిల్లలకు చదవడం వచ్చి ఉండాలి. ఒకటో తరగతిలో టీచర్ సమయం పెడితే మూడో తరగతి నుంచి అదే సమయం తిరిగి చేతికొస్తుంది. అప్పుడు పెట్టకపోతే ఐదో తరగతి దాకా టీచర్ వెనక్కి తిరిగి గుణింతాలే చెప్పుకోవాల్సి వస్తుంది. హైస్కూల్ సార్లు ఆరో తరగతిలో మళ్లీ అక్షరాల దగ్గర మొదలుపెట్టాల్సి వస్తోందని బాధపడుతుంటారు. వాళ్ల బాధకు మూలం ఇక్కడుంది.

హనుమకొండ జిల్లాలోని ఒక ఊరి బడిలో ఒక పూట కూర్చున్నాను. సారు ఒకటి, రెండు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టుకున్నాడు. రెండో తరగతి పిల్ల లేచి పాఠం చదివింది. గొంతు ఖంగున మోగింది, ఎక్కడా తడబడలేదు. వేలు మాత్రం నోటి కన్నా ఒక వరుస వెనక ఉంది. పేజీ అయిపోకముందే తిప్పేసింది. సారు కోప్పడలేదు. బొమ్మ మీద అరచెయ్యి అడ్డం పెట్టి, మధ్యలో ఒక మాట చూపించి "ఇది చదువు బిడ్డా" అన్నాడు. పిల్ల ఆగిపోయింది. కాసేపటికి "చరువు" అంది.

"పైన ఏమున్నది?"

"ఎత్వం."

"ఎత్వం ఉంటే ఏమంటం?"

"చె... చెరువు!" అని నవ్వింది. బడి వెనకే చెరువు కట్ట.

అదంతా జరగడానికి మూడు నిమిషాలు పట్టింది. ఆ పిల్లకు ఆ రోజు నిజంగా చదువు చెప్పింది ఆ మూడు నిమిషాలే. అప్పజెప్పడానికీ చదవడానికీ తేడా బయటివాళ్లకు వినబడదు. తనిఖీకి వచ్చిన అధికారికీ చాలాసార్లు వినబడదు. దగ్గర కూర్చుని వేలు ఎక్కడుందో చూసేవాళ్లకే తెలుస్తుంది. పది మంది పిల్లల్ని ఒక్కొక్కరిని ఇలా మూడేసి నిమిషాలు చదివించాలంటే అరగంట కావాలి. ఈలోపు ఒకటో తరగతి పిల్లల్లో ఒకడు "సార్, వీడు నా బలపం గుంజుకున్నడు" అని వచ్చాడు, ఇంకొకడు పలకను మోచేత్తో తుడుచుకుంటూ కూర్చున్నాడు, ఇద్దరు ఒంటికి పోయి వరండాలోనే ఆడుకుంటున్నారు. తర్వాత ఫోన్ మోగింది. ఏదో వివరాలు పన్నెండులోపు పంపాలట. సారు లేచాడు. చదవాల్సిన మిగతా పిల్లలు పుస్తకాలు మూశారు.

ఆ సారు పనితనంలో తప్పేముంది? ఏమీ లేదు. ఆయన చేసింది ఏ శిక్షణలో అయినా చూపించదగ్గ పని. ఆయనకు లేనిది ఇంకో అరగంట.

2021 జులైలో కేంద్రం నిపుణ్ భారత్ మొదలుపెట్టింది. మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి పిల్లవాడూ అర్థం చేసుకుంటూ చదవాలి, చిన్న చిన్న లెక్కలు చేయాలి, 2026-27 నాటికి అది జరగాలి అని గురి పెట్టుకుంది. మన రాష్ట్రం 2022 ఆగస్టులో తొలిమెట్టు తెచ్చింది. పిల్లలు ఏ మెట్టు మీద ఉన్నారో చూసి అక్కడి నుంచి చెప్పాలన్న ఆలోచన సరైనదే. టీచర్లు చార్టులు చేశారు, పదాల కార్డులు చేశారు. అయినా ఊళ్లలో పిల్లల చదువును పరీక్షించే సర్వే అసర్ 2024 నివేదికలో దేశవ్యాప్తంగా గ్రామీణ ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతమే. తెలంగాణ ఆ సగటు కన్నా కిందే ఉంది. దీనికి టీచర్లను తిట్టేవాళ్లు ఆ 18 పాఠాల లెక్క ఒకసారి వేసి చూడాలి. చార్టు గోడకు ఉంటే సరిపోదు. దాని ముందు పిల్లను నిలబెట్టి చదివించే మనిషి కావాలి.

మహబూబాబాద్ తండాల్లో, ములుగు గూడేల్లో, ఆసిఫాబాద్ గోండు ఊళ్లలో ఈ అవసరం ఇంకా ఎక్కువ. అక్కడి పిల్ల ఇంట్లో లంబాడీనో కోయనో గోండీనో మాట్లాడి బడికొస్తుంది. బడిలో తెలుగు కొత్త, ఇంగ్లిష్ ఇంకా కొత్త. 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం వచ్చాక పాఠ్యపుస్తకంలో ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లిష్ అచ్చువేస్తున్నారు. తల్లిదండ్రులు ఇంగ్లిష్ కోరుకుంటున్నారు, ఆ కోరికను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ ఎదురెదురు పేజీల మధ్య పిల్లను నడిపించాలంటే ముందు ఆమె ఇంటి మాటలో పలకరించే టీచర్ ఉండాలి. ఇదేమీ కొత్త ఆలోచన కాదు. 1940ల్లోనే మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయిలో గోండు యువకులకే టీచర్ శిక్షణ ఇప్పించి, గోండీలో వాచకాలు తయారు చేయించి బడులు తెరిపించాడు. నిజాం పాలనలో, రోడ్లు లేని కాలంలో సాధ్యమైన పని ఇప్పుడు ఎందుకు కాదు? ఆ ఊళ్లలో టీటీసీ, డీఎడ్ లాంటి టీచర్ శిక్షణ కోర్సులు చేసి ఖాళీగా ఉన్న ఆడపిల్లలు, మగపిల్లలు ఉన్నారు. ఒకటో తరగతి గదిలోకి ముందు వాళ్లను తేవాలి.

వానాకాలం పంట చేతికొచ్చే రోజుల్లో బడికి ఇంకో కష్టం. పత్తి ఏరే కాలంలో అమ్మానాన్నలు పొద్దున్నే చేనుకు పోతారు. చిన్నపిల్లను ఇంట్లో ఒంటరిగా వదల్లేక వెంట తీసుకుపోతారు, లేదా నాలుగో తరగతి అక్కను చెల్లెలి కోసం ఇంట్లో ఉంచుతారు. పది రోజులు బడికి రాని ఐదో తరగతి పిల్ల నోట్సు రాసుకుని అందుకుంటుంది. గుణింతాలు మొదలైన వారంలో రాని ఒకటో తరగతి పిల్లకు, కొమ్ము ఏదో ఒత్వం ఏదో కలగాపులగమై ఆ ఏడాదంతా తేలదు. తిరిగొచ్చిన పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని వదిలిన చోటి నుంచి చెప్పే తీరిక ఒక టీచర్‌కు ఉండాలి. మిరప ఏరే కాలంలోనూ అంతే.

ఇక టీచర్ చేతిలోని సమయం ఎటు పోతోందో చూద్దాం. పొద్దున హాజరు ఫోన్‌లో ముఖాలు చూపించి వేయాలి. సిగ్నల్ లేని ఊళ్లో అదొక టెన్షన్. మధ్యాహ్న భోజనం లెక్క పంపాలి, బియ్యం నిల్వ చూడాలి, బడుల గణాంకాలు సేకరించే యూడైస్‌లో వివరాలు నింపాలి, ఆధార్ తప్పులు దిద్దించాలి. ఎల్ఎఫ్ఎల్ హెచ్ఎం, అంటే ప్రాథమిక బడి హెడ్మాస్టర్, లేని బడిలో ఇవన్నీ చేసేది పాఠం చెప్పే ఎస్జీటీ, అంటే ప్రాథమిక తరగతుల టీచరే. భోజనాన్ని నేను ఈ జాబితాలో భారంగా కలపడం లేదు. గుడ్డు పెట్టే రోజు పిల్లలు ఎక్కువ వస్తారని టీచర్లందరూ చెబుతారు. పెద్దపిల్లలు చిన్నపిల్లల చేతులు కడిగించి పళ్లాల ముందు కూర్చోబెట్టే ఆ గంట కూడా చదువే. దాని కాగితం పని మాత్రం టీచర్ మీద ఉండకూడదు.

అన్నిటికన్నా నాకు మింగుడు పడనిది 2024 నవంబర్. ఇంటింటి కుటుంబ సర్వే కోసం ప్రాథమిక బడుల ఎస్జీటీలను పంపి, ఆ బడులను ఒంటిపూటకు కుదించారు. హైస్కూళ్లు మామూలుగానే నడిచాయి. సర్వే అక్కర్లేదని నేననను. కానీ ఎవరి చదువు ఆగినా ఫర్వాలేదని మన పాలన అనుకుంటుందో ఆ నిర్ణయం చెప్పేసింది. పదో తరగతికి ఫలితాలుంటాయి, పేపర్లో ర్యాంకులుంటాయి. ఒకటో తరగతికి అవేమీ ఉండవు, అడిగేవాళ్లు లేరు. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప వేరే పనికి టీచర్లను పంపకూడదని విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. ఆ మూడింటికి కూడా ఒకటో తరగతి టీచర్‌ను చివర్లో పంపాలి.

చిన్న బడులను కలిపేస్తే తరగతికో టీచర్ దొరుకుతారు కదా అని కొందరంటారు. వినడానికి బాగుంటుంది. ఐదేళ్ల పిల్లను పక్క ఊరికి ఎవరు తీసుకుపోవాలి? కూలికి పోయే తల్లా? పరకాల రోడ్డు మీద, నర్సంపేట రోడ్డు మీద లారీల మధ్య ఆ పిల్లను నడిపిస్తామా? ప్రాథమిక బడి కిలోమీటరు లోపు ఉండాలన్న నిబంధన పెట్టింది ఇందుకే. బడి మూసిన ఊళ్లో పిల్లలు పక్క ఊరి సర్కారు బడికి పోరు, పొద్దున వచ్చే ప్రైవేటు బడి పసుపు బస్సు ఎక్కుతారు. ఫీజు కట్టలేని ఇళ్ల పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు, ఇంట్లో మిగిలిపోతారు.

పలు తరగతులను కలిపి చెప్పడమే తప్పని కూడా నేను అనడం లేదు. నాలుగు, ఐదు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టి చక్కగా నడిపే టీచర్లను చూశాను. ఐదో తరగతి పిల్ల నాలుగో తరగతి పిల్లకు భాగహారం చెబుతుంటే ఇద్దరికీ లాభమే. ఆ ఏర్పాటు ఒకటో తరగతికి సరిపడదు, అంతే.

డబ్బు మాటకొస్తే, ప్రతి బడికీ వెంటనే కొత్త పోస్టు మంజూరు చేయమని అడగడం లేదు. 2024 డీఎస్సీలో వచ్చిన కొత్త టీచర్లలో చాలామంది ఎస్జీటీలే. ఎక్కడ అవసరం ఉందో అక్కడ వేస్తే కొంత తీరుతుంది. మిగతా చోట్ల పొద్దటి పూటకు విద్యా వాలంటీర్లను తీసుకోవచ్చు. కరోనాకు ముందు వాళ్లు ఎన్నో బడులను నిలబెట్టారు, ఆ తర్వాత వాళ్లను కొనసాగించకుండా వదిలేశారు. అయితే ఇంటి భాష తెలిసినవాళ్లే ముందు కావాల్సిన తండాలు, గూడేలు తప్ప మిగతా చోట్ల వాలంటీర్‌ను ఐదో తరగతికి పంపి, అనుభవమున్న టీచర్‌ను ఒకటో తరగతిలో కూర్చోబెట్టాలి. మామూలుగా జరిగేది దీనికి తలకిందులు. బడిలో కొత్తగా చేరినవాళ్లకు "చిన్నపిల్లలే కదా" అని ఒకటో తరగతి అప్పగిస్తారు. అక్షరం నేర్పడం అన్నిటికన్నా నైపుణ్యం కావాల్సిన పని. ముప్పై ఏళ్ల సర్వీసున్న మేడం కళ్లతో చూసే తేడాను కొత్తవాళ్లు చూడలేరు.

ఏటా బడులు తెరిచాక టీచర్ల సర్దుబాటు జరుగుతుంది. బడి బలం, టీచర్ల సంఖ్య చూసి ఎవరిని ఎక్కడికి పంపాలో తేలుస్తారు. పిల్లలు తక్కువున్న బడి నుంచి ఒకరిని తీసి ఇంకో చోట వేస్తారు. మండల విద్యాధికారులు (ఎంఈఓలు) ఆ జాబితాలో ఇంకో గడి చేర్చాలి. ఒకటో తరగతిలో ఎంతమంది చేరారు, పొద్దటి పూట వాళ్ల దగ్గర ఎవరుంటారు? రెండో ప్రశ్నకు అక్కడ ఒక టీచర్ పేరు రాసేదాకా ఆ బడి నుంచి ఎవరినీ కదపొద్దు.